తేనీరు



ముప్పదియేడేండ్లు ఉన్నత పాఠశాలలలో శబ్దములు, సమాసములు, వృత్తలక్షణములు చెప్పి 2018వ సంవత్సరమున విశ్రాంతి గైకొన్నవాడను. ఇట్టివాడు పురాణకథనో నీతిపద్యమునో విడిచి టీని గూర్చి ప్రసంగింప బూనుట మీకు వింతగా దోపవచ్చును. అరువదియొక్క యేడు నిండువఱకు నేను టీ రుచి యెఱుగను. తరువాత పట్టుపట్టి నేర్చుకొంటిని. ఆ నేర్చుకొనుటలో రెండు సంగతులు నాకు బోధపడినవి. మొదటిది నాలుకకు సంబంధించినది. రెండవది మనస్సునకు సంబంధించినది. ఈ రెంటిని మీకు విన్నవించుకొందును.

పండితుడు గనుక ముందుగా మాట సంగతి చెప్పెదను. ఈ ఆకును చీనా దేశములో పెక్కుచోట్ల ‘చా’ అందురు. ఆ దేశపు ఆగ్నేయ తీరమున ‘తే’ అందురు. తీరమున ఓడలలో సరకు నింపుకొన్న ఐరోపా వర్తకులు ‘తే’ను కొనిపోయిరి. అదియే ఇంగ్లీషువారి నోట ‘టీ’ అయినది. నేలదారిని పారసీక దేశముదాక పోయిన ‘చా’ అచట ‘చాయ్’ అయి హైదరాబాదు చేరినది. కావున కోస్తావాడు టీ అన్నను, తెలంగాణమువాడు చాయ్ అన్నను, ఒక్క ఆకే రెండు త్రోవలను మన యింటికి వచ్చినదని యెఱుగవలెను. ఇక ‘తేనీరు’ అనగా ‘తే’ అను ఆకుతో కాచిన నీరు. కొందఱు తేనె వంటి నీరని విగ్రహము చెప్పుదురు. చిన్ననాట నన్నడిగియుండినచో అది వేప నీరని చెప్పియుందును.

మాది గోదావరి కాలువ గట్టున నొక అగ్రహారము. మా యింట తెల్లవాఱుజామున కాఫీ గింజలు మరలో విసరు చప్పుడు వినవచ్చెడిది. కాఫీ ఆచారమునకు లోబడినది, టీ లోబడనిది అని మా తాతగారి నిశ్చయము. టీ కొట్లలో త్రాగునది, కూలినాలి జనము త్రాగునది అని వారు చెప్పుచుండిరి. ఇందుకు శాస్త్రప్రమాణ మేదియు లేదు. కాఫీ అరబ్బుల దేశమునుండి వచ్చినది. టీ చీనానుండి వచ్చినది. రెండును మన ఋషు లెఱుగనివే. అయినను ఆ నిశ్చయము నాకు పాలతోపాటు పట్టినది. బాల్యమున ఒక పెండ్లిలో ఎవరో గ్రుక్కెడు టీ నా నోట పోసిరి. వగరు, చేదు, మితిమీఱిన తీపి. ఉమిసివేసితిని. మఱి నలువదియేండ్లకు పైగా దానిని తాకలేదు.

ఇపుడు 1988వ సంవత్సరము మాఘమాసమున జరిగిన సంగతి చెప్పవలసియున్నది. అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా మెట్ట ప్రాంతమున నొక గ్రామములో నేను తెలుగు పండితుడను. అచట ఆ దినములలో పొగాకు బ్యారన్ల పని ముమ్మరము. ఏడవ తరగతి చదువు పిల్లవా డొకడు ఆకులు కఱ్ఱలకు కట్టుటకై కూలికి పోయి బడి మానెను. వాడు తెలివిగలవాడు, పద్య మొకమాఱు వినినచో అప్పగింపగలవాడు. వానిని మఱల బడికి పిలుచుటకై నేను వారి పేటకు పోయితిని. తండ్రి తత్తఱపడి మంచము వాల్చి, కొడుకు చెవిలో నేమో చెప్పి పంపెను. కొంతసేపటికి పిల్లవాడు రెండు చేతుల నడుమ గాజు గ్లాసుతో టీ తెచ్చెను.

ఆ గ్రామపు టీకొట్టులో గ్లాసులు రెండు చోట్ల నుండెడివి. బల్లపై నున్నవి కొందఱికి. బయట గోడ గూటిలో నున్నవి తక్కినవారికి. ఎవరి గ్లాసు ఎవరిదో చెప్పనక్కఱలేకయే అందఱెఱుగుదురు. తండ్రి నా మొగము చూచి మెల్లగా, “గూటిలోది కాదండి పంతులుగారూ, బల్లమీదదేనండి. మీ కోసమని అడిగి తెచ్చాడండి” అనెను.

నేను, “నాకు టీ అలవాటు లేదు” అంటిని.

నా మాట అబద్ధము కాదు. నాకు టీ అలవాటు లేనేలేదు. అతడు, “సరేనండి” అని తల వంచెను. నేను చదువు సంగతి మాటలాడినంతసేపును ఆ గ్లాసు మంచపు కోడు ప్రక్కను నేలమీద నుండెను. దానిపై మీగడ కట్టెను. పిల్లవాడు దానినే చూచుచుండెను. మఱుసటి వారము వాడు బడికి వచ్చెను. చక్కగా చదివి పదవ తరగతి దాటెను. నా పని నెఱవేఱినదని నేను సంతోషించితిని. ఆ గ్లాసును మఱచితిని, మఱచితి ననుకొంటిని.

2019లో నా గృహిణి కాలధర్మము నొందినది. ముప్పదియైదేండ్లు ఆమె చేతి కాఫీ త్రాగినవాడను. ఫిల్టరులో పొడి యెంత వేయుదురో, ఎంత అదుముదురో, ఏనాడును నేను చూడలేదు. ఆమె పోయిన పదునాఱవనాడు నేనే కాఫీ పెట్టుకొంటిని. అది కాఫీ కాదు. మఱునాడు మఱియొక విధముగ పెట్టితిని. అదియు కాదు. పొడి మార్చినను, పాలు మార్చినను, ప్రతి గ్రుక్కయు ఆమె లేదని చెప్పుచుండెను. నెల తిరుగకమునుపే కాఫీ మానివేసితిని. మా అబ్బాయి నన్ను హైదరాబాదు తీసికొనిపోయెను.

అచట ఉదయపు నడకలో నావంటి ముదుసలులు కొందఱు తోడైరి. నడక ముగియగానే వారందఱు ఒక ఇరానీ హోటలులో కూర్చుండెడివారు. ఇరాను దేశమునుండి వచ్చినవారు ఆ నగరమున ఇట్టి హోటళ్లు పెక్కు నెలకొల్పిరి. అచట ఆకు కషాయము ఒక మూత పాత్రలో సన్నని సెగపై కాగుచుండును. చిక్కగా మరగిన పాలు వేఱొక పాత్రలో నుండును. రెంటిని కప్పులోనే కలిపి ఉస్మానియా బిస్కత్తుతో నిత్తురు. నేను మంచినీళ్ల గ్లాసు ముందుంచుకొని కూర్చుండెడివాడను. ఒకనాడు రైల్వేలో పనిచేసి విరమించిన మిత్రు డొకరు, “మాస్టారూ, పది రోజులు వరుసగా తాగి అప్పుడు బాగులేదనండి, ఒప్పుకొంటాను. తాగకుండా బాగులేదంటే అది తీర్పు కాదు” అనిరి. ఆ మాట నన్ను గ్రుచ్చినది. పరీక్షింపక మార్కులు వేయరాదని నేనే కదా జీవితమంతయు చెప్పినది!

ఆ దినమున ‘వన్ బై టూ’ చెప్పి ఒక టీని ఇరువురము పంచుకొంటిమి. మొదటి దినము మందు త్రాగినట్లు త్రాగితిని. నాలుగవనాడు వగరు మునుపటివలె కఱవలేదు. ఏడవనాడు చెంబు పాలవాసన వెనుక ఆకు వాసన యొకటి కలదని గుర్తించితిని. పదవనాడు ఆ గంటకు నా కాళ్లు వానియంతట అవియే హోటలు వైపు మరలెను.

షడ్రసములలో తీపి యొక్కటియే శిశువునకు పుట్టుకతో నచ్చును. చేదు, వగరు మొదలగునవి నేర్చుకొనవలసినవి. అయిదేండ్ల ప్రాయమున కాకరకాయ కూర ప్రీతితో తిన్నవా డెవడు? ఉసిరికాయ మొదటి కాటున మొగము ముడువని వా డెవడు? ఊరగాయ కారమునకు కన్నీరు గార్చిన బాలుడే పెద్దవాడై అది లేక ముద్ద యెత్తడు. కావున ‘నాకు నచ్చదు’ అనునది పెక్కుమాఱులు ‘నే నింకను నేర్వలేదు’ అను మాటకు పర్యాయపదము.

అయితే ఇరానీ టీ నాకు మిక్కిలి చిక్కన, మిక్కిలి తీపి. 2020లో స్వగ్రామమునకు తిరిగివచ్చి, నా నాలుకకు సరిపడు త్రోవ నేనే వెదకుకొన నారంభించితిని. ఒక నోటుపుస్తకము పెట్టి, ఆకు ఎంత, నీరు ఎంత, కాలము ఎంత, పాలు ఎన్ని, చక్కెర ఎంత అని దినదినము వ్రాసితిని. ఒక దినమున ఒక్కటి మాత్రమే మార్చుట నియమము. రెండు మార్చినచో గుణము దేనిదో, దోషము దేనిదో తెలియదు.

అప్పుడు బయటపడిన మొదటి సత్యము ఇది: చిన్ననాడు నేను ఉమిసివేసినది టీని కాదు, మరగి మరగి మాడిన టీని. మన కొట్లలో వాడునది ఎక్కువగా పొడి టీ. 1930 ప్రాంతమున అస్సాములో ఆకును నలిపి, చించి, చుట్టు యంత్ర మొకటి పుట్టినది. ఆ విధమున చేసిన గింజ టీ, పొడి టీ చవుకగా వచ్చును, రంగు త్వరగా దిగును, పాలకు తట్టుకొనును. కాని దానిని పొయ్యిమీద వదలివేసినచో వగరు పదార్థములన్నియు నీటిలోనికి దిగును. దానిని కప్పిపుచ్చుటకు పాలు, పాలను కప్పిపుచ్చుటకు చక్కెర! పాలలోని మాంసకృత్తులు వగరును పట్టుకొని నాలుకపై తగులనీయవు. అందుచేతనే పాల టీ మెత్తగా నుండును.

పచ్చ టీ, ఎఱ్ఱ టీ వేఱు చెట్లవని నే ననుకొంటిని. కాదు, చెట్టు ఒక్కటియే. రెండాకులు, ఒక మొగ్గ కోసి, వాడబెట్టి, నలిపి, గాలి సోకనిచ్చి ఆరబెట్టినచో అది నల్లని టీ. గాలికి రంగు మాఱకమునుపే వేడి తగిలించి ఆరబెట్టినచో అది పచ్చ టీ. పచ్చ టీకి తెర్లు నీరు పోయరాదు. పొంగు అణగిన తరువాత కొంత చల్లారనిచ్చి పోయవలెను. లేనిచో చేదెక్కును. నల్లని టీకి మాత్రము తెర్లు నీరే కావలెను.

నా కడపటి నిర్ణయము ఇట్లున్నది. మా అబ్బాయి తెచ్చి యిచ్చిన నీలగిరి ఆకు టీ, సుమారు రెండు గ్రాములు, అనగా ఒక చిన్న చెంచా నిండుగా. తెర్లుచున్న నీరు ఒక కప్పు. దానిపై మూత. మూడు నిమిషములు. గడియారము లేనివారు మెల్లగా విష్ణుసహస్రనామములోని శ్లోకములు కొన్ని చదువుకొనవచ్చును; నేను అట్లే చేయుదును. పిదప వడకట్టి, రెండు చెంచాల పాలు. చక్కెర లేదు. మొదట రెండు చెంచాలు వేసికొనెడివాడను. పది దినముల కొకమాఱు అర చెంచా చొప్పున తగ్గించితిని. నాలుక దానిని గుర్తింపనేలేదు. రెండు చెంచాల చక్కెరతో దినమునకు నాలుగు టీలు త్రాగువాని కడుపులోనికి ముప్పది, నలువది గ్రాముల చక్కెర పోవును. మన వయస్సున నిది గమనింపదగినది.

మీకు నా త్రోవ నచ్చవలెనని లేదు. అల్లము కావలెనన్నచో ముందుగా నీటిలో అల్లము మరగించి పిదప పాలు పోయుడు. పచ్చి అల్లము పాలలో వేసిన పాలు విఱుగుట కలదు. బెల్లము కావలెనన్నచో టీ దింపిన పిదప వేయుడు. పొయ్యిమీద వేసినచో అదియే గతి. భోజనముతో కలిపి టీ త్రాగకుడు. పప్పులలో, ఆకుకూరలలో నుండు ఇనుము ఒంటికి పట్టుట తగ్గును. గంటసేపు ఎడముంచుట మేలు. ప్రొద్దుగ్రుంకిన పిదప త్రాగినచో నావంటివానికి నిద్ర దూరమగును.

టీకి ఒక్కటే సరియైన పద్ధతి కలదని చెప్పువారిని నమ్మకుడు. క్రీస్తు శకము ఎనిమిదవ శతాబ్దమున చీనా దేశపు లూ యూ అను విద్వాంసుడు టీకి శాస్త్రగ్రంథము వ్రాసెను. ఆయన టీలో ఉప్పు వేయవచ్చుననెను. అల్లము, ఉల్లికాడలు మొదలగునవి వేసి మరగించిన దానిని మురుగునీటితో పోల్చెను. నేడు మన దేశమున ఉప్పు వేసినచో నవ్వుదురు, అల్లము లేకున్న కొందఱు ముట్టరు. అయినను కాశ్మీరమున నేటికిని ఉప్పు టీ కలదు. టిబెట్టువారు ఉప్పుతోపాటు వెన్న కూడ వేసి చిలుకుదురు. మన దేశమున 1823లో అస్సాము అడవులలో తేయాకు చెట్లున్నట్లు ఇంగ్లీషువారికి తెలిసినది. 1839లో ఆ టీ లండనులో వేలమున అమ్ముడుపోయినది. చాలకాలము మన తోటల టీ చాలవఱకు విదేశములకే పోయెడిది. తరువాత 1930 దశాబ్దమున టీ వర్తకుల ప్రచారకులు పట్టణములలో ఉచితముగా టీ కాచి పోసి, ఇంత ఆకు, ఇంత నీరు అని నేర్పజూచిరి. మనవారు ఆకును మాత్రము తీసికొని, పాలు, చక్కెర, అల్లము, ఏలకులు తమ చిత్తము వచ్చినట్లు వేసికొనిరి. ప్రచారకులకు అది నచ్చలేదు. దేశము మాత్రము టీ త్రాగుట నేర్చినది. ప్రతివాడును తన త్రోవ తాను వెదకుకొన్నప్పుడే ఆ పానీయము వానిదగును.

ఇంతవఱకు నాలుక సంగతి. ఇక రెండవది.

2023వ సంవత్సరమున పింఛను పత్రముల పనిమీద ఒక పట్టణములోని కార్యాలయమునకు పోయితిని. అచట ఒక అధికారి కుర్చీనుండి లేచి వచ్చి నా పాదములంటెను. నలువది దాటి నెఱసిన జుట్టు. పేరు చెప్పువఱకు గుర్తింపనైతిని. ఆ పొగాకు బ్యారనుల పిల్లవాడే. నన్ను కూర్చుండబెట్టి, కుఱ్ఱవానిని పిలిచి, “మాస్టారు టీ తాగరు. ఆ వీధి చివర కాఫీ దొరుకుతుంది, పోయి తీసుకురా” అనెను.

ముప్పదియైదేండ్లు! నేను మఱచితి ననుకొన్నది వాడు మఱవలేదు. దయతో, గౌరవముతో గుర్తుంచుకొన్నాడు. అదియే నాకు ఎక్కువ బాధ కలిగించినది.

“వలదు నాయనా, టీయే తెప్పించు” అంటిని. వాడు నా వైపు చూచెను. “ఆనాడు మీ యింట అలవాటు లేదంటిని. అది సగము నిజము. మిగిలిన సగము నే నెఱుగుదును, నీవును ఎఱుగుదువు” అంటిని.

వాడు బల్లమీద కాగితములు కొంతసేపు సర్దెను. తరువాత, “ఆ బల్లమీద గ్లాసు కోసం కొట్టువాణ్ణి మూడుసార్లు అడిగానండి” అనెను. అంతకుమించి ఒక్క మాటయు అనలేదు. తండ్రిగారు ఎట్లున్నారని యడిగితిని. కాలము చేసి చాల ఏండ్లైనదనెను.

టీ వచ్చెను. అది నా నోటుపుస్తకములోని టీ కాదు. ఉదయమునుండి మరగుచున్న పొడి టీ. మూడు చెంచాల చక్కెర. పైన మీగడ. నా నియమములలో నొక్కటియు దానియందు లేదు. కడపటి చుక్కదాక త్రాగితిని. వాడును నా యెదుట కూర్చుండి త్రాగెను. చాల బాగున్నదని చెప్పితిని. అది అబద్ధము కాదు.

పెద్దలారా! మన యింట మనకు నచ్చిన త్రోవను వెదకుకొందము. ఎంత ఆకు, ఎంత పాలు అని పట్టింపు పెట్టుకొందము. ముదిమిలో అదియొక ఉల్లాసము, ఒంటరితనములో అదియొక తోడు. నా గృహిణి కాఫీని నేను తిరిగి తేలేకపోయితిని. కాని ఉదయమున పొయ్యి వెలిగించుటకు నాకొక కారణము దొరికినది. ఇరుగుపొరుగు యింట మాత్రము నోటుపుస్తకము మూసివేయవలెను. అచట పానీయమునకు ముందు దానిని పట్టుకొన్న చేతులు కలవు. అలవాటు లేదను మాట ఎంత నిజమైనను, చెప్పుటకుముందు ఆ చేతులవంక ఒకమాఱు చూడుడు. ఆ గ్లాసును తెచ్చుటకు ఎవ రెన్నిమాఱు లడిగిరో మనకు తెలియదు. నాకు తెలియుటకు ముప్పదియైదేండ్లు పట్టినది. తెలియునప్పటికి ఆ తండ్రి లేడు.